ఎంటర్ కొట్టేముందు చెప్పులిడిచే సారు

నాచారంల నా దుకాణం బోర్డు మీద ‘కంప్యూటర్ల రిపేరు, అమ్మకం, కొనుగోలు’ అని మూడు రంగులల్ల రాసి ఉంటది. ఆ బోర్డు రాసిన పెయింటరు పదో తరగతి పాసైండు. నేను ఎనిమిదిల ఆపేసిన. అంటే మా దుకాణంల చదువున్నది ఏదన్న ఉంటే అది గోడకు ఏలాడే ఆ బోర్డే. ఎవలన్న గిరాకి వచ్చి "ఇంజనీర్ ఉన్నడా?" అని అడిగితే, "బైటికి పోయిండు, ఇప్పుడే వస్తడు" అని చెప్పి లోపటికి పోత. మొఖం కడుక్కొని నేనే వస్త.

మొన్న ఒక కాలేజీ పిల్ల వచ్చింది. సంచిల ల్యాప్‌టాప్, చెవులల్ల తీగలు. "అన్నా, నా ఫోన్‌కు ఆపరేటింగ్ సిస్టం సోర్స్ కోడ్ నుంచి నేనే బిల్డ్ చేసుకుంట. జర పెద్ద మిషన్ గావాలె. రేపటికెల్లే షురూ జేస్త" అన్నది.

నా నోట్లకెల్లి నాకు తెల్వకుంటనే ఒక మాట వచ్చింది. "బిల్డ్ తర్వాత బిడ్డా. ముందుగాల మిషన్ తయారు గావాలె. తయారు జేసుడే పని. మిగిలింది దాని పని."

ఆ పిల్ల చెవులకెల్లి తీగలు తీసి నన్ను పైనుంచి కిందికి సూసింది. "అన్నా, మీరు ఎక్కడ చదివిన్రు?"

నేను చదువలే. నా టేబుల్ ముంగట ఒకాయన కూసొని చదివిండు, నేను విన్న. ఆయన పోయినంక ఆయన మాట ఇట్ల నా నోట్లకెల్లి వచ్చుడు గదే మొదటిసారి. ఆ పిల్ల పోయినంక చానసేపు పని ముట్టలే.

ఆయన పేరు నేను రాయ. నేను ఎప్పుడు పేరువెట్టి పిల్వలే, "సారు" అన్న, గంతే. ఉప్పల్‌ల ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్పి రిటైర్ అయిండు. రామంతాపూర్ గల్లిల సొంతిల్లు. మొదటిసారి వచ్చిన్నాడు షేర్ ఆటోల నుంచి దిగంగనె నా కన్ను గొడుగు మీద వడ్డది. ఎండ లేదు, వాన లేదు. సంకల గొడుగు, చేతిల గుడ్డసంచి.

"గొడుగెందుకు సారు, మబ్బు గూడ లేదు గదా?"

"మబ్బు నన్ను అడిగి వస్తదా?" అనుకుంట సంచిలకెల్లి ఒక పాత ట్యాబ్ తీసి కౌంటర్ మీద పెట్టిండు. ఈ కాలంల ఎవలు కొనరు అసొంటిది. బరువు, మందం, అద్దం సుట్టూర బొటనేలంత నల్లటి అంచు. తెరిస్తే తెర మీద గడులు, గడికో బొమ్మ. నీళ్ల గిలాస బొమ్మ కనవడ్డది. ఊకుంటనా, ఒత్తిన.

"ఎన్నిసార్లు పిల్వాలె? చెవులల్ల దూది వెట్టుకున్నవా? నీళ్లు తే!"

మగ గొంతు. దుకాణమంత మోగింది. నేను ఎన్కకు తిరిగి సూసిన, ఎవ్వలు లేరు.

"నిన్ను గాదు. నన్ను అన్నది" అన్నడు సారు.

"ఎవలు సారు?"

"మా ఇంటామె."

నేను ట్యాబ్‌ను సూసిన, సారును సూసిన. ఆయన మూతి కదలకుంట కండ్లతోటి నవ్వుతున్నడు. లెక్క బోర్డు మీద రాసి, పిల్లగాండ్లు తలకాయలు గోక్కుంటుంటే సూసే నవ్వు అది. తర్వాత నిమ్మలంగ చెప్పిండు.

ఆ ఇంటామెను నేను అమ్మ అంట. అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. బుద్ధి మాత్రం ఎప్పటోలెనే చురుకు. దవాఖానల ఎవలో ఈ యాప్ సంగతి చెప్పిన్రు, బొమ్మ ఒత్తితే మాట వస్తది. అండ్ల ముందే ఒక తెలుగు గొంతు ఉన్నదట, వార్తలు చదివే అమ్మాయి గొంతు. మొదటినాడు నీళ్ల బొమ్మ ఒత్తితే, "దయచేసి నాకు కొంచెం మంచినీళ్ళు ఇవ్వగలరా" అన్నదట. అమ్మకు నవ్వు ఆగలేదట, కండ్లల్ల నీళ్లు కారెదాక నవ్విందట. ఆ తర్వాత ట్యాబ్‌ను అవుతలికి నూకి మొఖం తిప్పుకున్నదట.

"మా ఇంట్ల దయచేసి అన్నోళ్లు లేరు బిడ్డా" అన్నడు సారు. "ఆమెకు ఆమె మాట గావాలె. అందుకని ఒక్కొక్క గడికి నేనే రికార్డు జేసిన. నేను ఒకటి చెప్త, ఆమె తల అడ్డంగ ఊపుతది. ఇంక గట్టిగ అని సైగ. మల్ల చెప్త. ఆమెకు నచ్చెదాక నన్ను నేనే తిట్టుకున్న."

"మీకు అన్ని తిట్లు యాదికున్నయా?"

"ఎక్కాలు మర్చిపోతనేమో గని, అవి మర్చిపోను."

ఇంత చెప్పి అసలు సంగతికి వచ్చిండు. యాప్ చేసినోళ్లు ఒక సందేశం పెట్టిన్రు: పాత సిస్టం ఉన్న ట్యాబ్‌లల్ల ఈ యాప్ దీపావళి దాకనే నడుస్తది, తర్వాత తెరుచుకోదు. ట్యాబ్ చేసిన కంపెనీ దానికి కొత్త సిస్టం ఇచ్చుడు ఎప్పుడో ఆపేసింది.

"అంటే దీపావళికి అందరి ఇండ్లల్ల పటాకులు, మా ఇంట్ల సప్పుడు బందు" అన్నడు.

నేను దుకాణపోన్ని, నా బుద్ధి నా గల్లపెట్టె దిక్కే గుంజుతది. "గంతే గదా సారు, కొత్త ట్యాబ్ తీసుకోండ్రి. మీ గొంతంత అండ్లకు ఎక్కిస్త" అన్న. సారు వాదం పెట్టుకోలే. "పట్టుకొని రా" అన్నడు. నేను కొత్తది తళతళ మెరిసేది పట్టుకొని ఆయనతోటి రామంతాపూర్ పోయిన.

అమ్మ కిటికి కాడ కుర్చిల కూసున్నది. ఒళ్లె మెత్త దిండు, ఆ మెత్త మీద కొత్త ట్యాబ్ పెట్టిన. ఎడమచేతి మణికట్టు ఆనిచ్చి వేలు ఎత్తింది. నాకు అప్పుడు సమజైంది. పాతదానికి వెడల్పు అంచు ఉన్నది, ఆమె మణికట్టు దాని మీద ఆనుతది. కొత్తదానికి అంచే లేదు, అంత అద్దమే. చెయ్యి ఆనంగనె గడులన్ని ఒక్కసారి ఒత్తుకపోయినయ్. ట్యాబ్ నీళ్లు అడిగింది, ఫ్యాన్ బందు చెయ్యమన్నది, కాలు గుంజుతున్నది అన్నది, సారును తిట్టింది, మల్ల నీళ్లు అడిగింది. ఒకదాని మీద ఒకటి, అంత సారు గొంతే. పక్కింటామె గోడ మీదికెల్లి తలకాయ పెట్టి సూసింది.

అమ్మ నా దిక్కు ఒక సూపు సూసింది. మా అమ్మ సుతం నన్ను అట్ల సూడలే. పాత ట్యాబ్ దగ్గరికి గుంజుకొని, నల్లటి అంచు మీద చెయ్యి ఆనిచ్చి, ఒక గడి ఒత్తింది.

"వద్దు. తీస్కపో."

నేను తలకాయ వంచుకొని డబ్బాల సదురుకుంటున్న. ఇంకో గడి ఒత్తింది.

"చాయ్ తాగినవా?"

ఆ చాయ్ తాగినంకనె ఆ ట్యాబ్ దిక్కు నేను మనసు పెట్టిన అనుకుంట. దాని ముందు అది ఒక గిరాకి, గంతే.

సారు అప్పటికే ఇంటర్నెట్ అంత గాలించి పెట్టిండు. ఏ దేశంలనో ఎవలో ఒకాయన ఆ ట్యాబ్‌కు పనికొచ్చే కొత్త సిస్టం తయారు జేసిండట. కని ఎక్కించుకునే ఫైల్ పెట్టలేదు, సోర్స్ కోడ్ పెట్టి వదిలేసిండు. సోర్స్ అంటే ఏంది సారు అని అడిగిన.

"వండిన కూర గాదు. కూరగాయలు, ఉప్పు, కారం ఇచ్చి వండుకో అన్నట్టు."

"మరి ట్యాబ్‌ల వండుకోలేమా?"

"దానికి అంత బలమేడిది? అది సుట్టం. ఇంకో పెద్ద కంప్యూటర్‌ల వండి దీనికి పెట్టాలె. ఆ కంప్యూటర్‌ను హోస్ట్ అంటరు. ఇంటాయన అన్నట్టు. సుట్టం వచ్చి కూసున్నంక పొయ్యి లేదు, గంటె లేదు అని బజారుకు ఉరుకుతే ఇజ్జత్ ఉంటదా? అందుకే ముందుగాల ఇంటాయనను తయారు జేద్దాం."

ఆయన ఇంట్ల నెట్టు నత్తలెక్క నడుస్తది, కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు. అందుకని మిషన్ నా దుకాణంలనే పెట్టాలె అనుకున్నం. పోచారం ఆఫీసులల్ల పాతవడ్డ కంప్యూటర్లు నాకు కుప్పలుగ వస్తయ్. అండ్లకెల్లి గట్టిది ఒకటి ఏరి బల్ల కింద పెట్టిన. విప్పితే లోపట ఉప్పల్ రోడ్డు దుమ్మంత ఉన్నది. నేను బ్లోయర్‌తోటి దుమ్ము కొడుతుంటే సారు జేబురుమాలుతోటి ఒక్కొక్క మూల తుడిచిండు.

"సారు, మీ ఇంటికి సుట్టాలొస్తే గూడ గిట్లనే తుడుస్తరా?"

"మా ఇంట్ల నేను తుడిస్తే ఆమె మల్ల తుడిపిస్తది."

ఆ దినాలల్ల ఆయన పొద్దుగాల అమ్మకు అన్నం పెట్టి, పక్కింటామెకు చెప్పి, షేరాటో ఎక్కి వచ్చేది. మధ్యాన్నం దాక ఉండేది. నా దుకాణంల రెండు కుర్చీలుంటే, ఒకటి ఆయనది అయిపోయింది. గిరాకీలు దాంట్ల కూసుంటే నేనే లేపేది.

ఆయన చదివే తీరు చెప్పాలె. తెర మీద ఇంగ్లీషుల ఉన్న పద్ధతంత ఒక్కొక్క వాక్యం పైకి చదివి, తెలుగుల నాకు చెప్పేది. నాకెందుకు సారు, నాకు తల్కాయకు ఎక్కుతదా అంటే, "ఒక్కన్నే చదివితే తప్పు దొరుకది. ముంగట క్లాసు ఉండాలె" అన్నడు. క్లాసుల ఉన్నది ఒక్కడు, వాడు బడి ఎగ్గొట్టిన ఖైదీ. మధ్యల గిరాకి ఎవలన్న వచ్చి గట్టిగ మాట్లాడితే సారు ఎన్కకు తిరుగకుంటనే "సైలెన్స్" అనేది. ప్రింటర్ బాగు చేయించుకునేతందుకు వచ్చిన పెద్ద పెద్దోళ్లు సుతం చేతులు కట్టుకొని నిలవడేది. నా దుకాణానికి ఎప్పుడు లేని మర్యాద వచ్చింది.

ఇప్పటి పిల్లలు కమాండ్ దొరికితే కాపీ కొట్టి అంటిస్తరు. నేను గూడ గంతే. సారు అంటించనియ్యలే. "కాపీ కొట్టినోనికి నేను మార్కులెయ్య" అని ఒక్క వేలుతోటి ఒక్కొక్క అక్షరం కొట్టేది. కొట్టినంక, ఇది ఏం జేస్తది అని నన్ను అడుగుతడు. తెల్వదు సారు అంట. తెల్వనిది కొట్టొద్దు అని అదంత తుడిచేసి, అది ఏందో వెతికి, సమజు జేసుకొని, మల్ల కొడ్తడు. మిషన్‌కు లినక్స్ అనే సిస్టం ఎక్కిచ్చుడు నేను పండ్లు తోముకునేలోపల జేస్త. ఆయనతోటి జేస్తే ఉపాసముండి జేసినట్టయింది.

అన్నిటికన్న పెద్ద వింత చెప్పుల సంగతి. కమాండ్ అంత కొట్టి, సూసుకొని, ఎంటర్ మీద వేలు పెట్టే ముందు కుర్చి కింద చెప్పులు ఇడిచేది. కాళ్లు గచ్చు మీద ఆనిచ్చి, అప్పుడు ఎంటర్. ఎన్నిసార్లు ఎంటర్ కొడితే అన్నిసార్లు. మొదట్ల నాకు నవ్వు ఆగకపోయేది.

"సారు, గిది గుడి గాదు సారు."

"తెల్సు. గుడిల తప్పు చేస్తే దేవుడు మాఫ్ జేస్తడు. ఇది జెయ్యది."

మిషన్ తయారు జేసుడంటే ఏందో నాకు ఆయన కాడనే తెల్సింది. సోర్స్ దించుకునే జాగ ఉన్నదా, దించినంక వండుడుకు, అంటే బిల్డ్‌కు, ఇంకింత జాగ ఉన్నదా, మెమరీ సాలుతదా, కోడును సిస్టంగ మార్చే పనిముట్లు ఉన్నయా. పనిముట్లు ఉంటే సాలదు, ఏ కాలంవి కావాలెనో ఆ కాలంవే ఉండాలె. ఒకటి నేను కొత్తది ఎక్కించిన, కొత్తది గదా మంచిగ జేస్తది అని. ట్యాబ్ సోర్స్ దాన్ని ఒప్పుకోలే, ఎర్ర అక్షరాలతోటి తెర నింపింది. పాతది వెతికి పెడితే మాట్లాడకుంట ముందుకు పోయింది. సారు కండ్లద్దాలు నెత్తి మీదికి ఎక్కిచ్చుకొని, "ఇంటామె పోలికలు వచ్చినయ్ దీనికి" అన్నడు.

ఒకసారి బిల్డ్ సగం దాక పోయి సచ్చిపోయింది. తెర మీద ఒక్క మాట రాసి ఆగింది. నా మొఖం మాడిపోయింది. సారు మాత్రం కుర్చి దగ్గరికి జరుపుకున్నడు.

"మంచిదే. మెమరీ సాలలేదు అని చెప్పే సచ్చింది. చెప్పకుంట పోతే ఏం జేస్తుంటిమి?"

నేను ఇంకో మిషన్‌ల మెమరీ పీకి దీనికి పెట్టిన. అయిన కొంచెం తక్కువవడ్డది. అప్పుడు సారు డిస్కుల కొంత జాగ మెమరీ లెక్క వాడుకునేటట్టు జేసిండు. "బెంచీలు నిండితే మిగిలిన పిల్లల్ని కింద సాప మీద కూసోవెట్టినట్టు" అన్నడు. "కింద కూసున్నోళ్లు జర నిమ్మలంగ రాస్తరు. కని రాస్తరు." నేను ఎప్పుడు సాప మీదనే కూసున్న అని చెప్పిన. "అందుకే నీకు నడుం గట్టిగున్నది, మెమరీ పీకిన ఈ క్యాబినెట్ ఎత్తి గా మూలకు పెట్టు" అన్నడు.

దసరా వచ్చింది. మా ఊరు అసలు ఇదే, నాచారం. మా తాతలు జొన్నలు ఏసిన జాగల షెడ్లు లేచినయ్, మా నాయన ఆ షెడ్లల్లనే లేతు మిషన్ మీద పని జేసిండు. ఆయుధ పూజనాడు ఆ షెడ్లల్ల ఒక్క మిషన్ తిరగది. అన్నిటిని కడిగి, బొట్లు పెట్టి, బంతిపూలేసి, పండుకోబెడ్తరు. మా అమ్మ ఆ పద్ధతి మీద నిలవడ్డ మనిషి. ఆ దినం మిషన్ నడిపిస్తే దాని ఉసురు తాకుతదని ఆమె నమ్మకం.

అన్ని సరిగ్గ కుదిరి, బిల్డ్ ఆ ముందటి దినమే షురూ అయింది. మంచిగ నడుస్తున్నది. తెల్లారి నేను గుమ్మడికాయకు, పూలకు ఉప్పల్ పోయిన. ట్రాఫిక్‌ల ఇరుక్కొని వచ్చేసరికి దుకాణంల బంతిపూల వాసన. టంకం పెట్టే కడ్డీకి బొట్టు, బ్లోయర్‌కు బొట్టు, తాళం చెవికి బొట్టు. ఒకటి మాత్రం తక్కువున్నది. బల్ల కింద గుర్రుమనే సప్పుడు లేదు.

వంగి సూస్తే, క్యాబినెట్ బటన్ మీద గుండ్రటి బొట్టు, గాలి పోయే జల్లెడకు ఒక పువ్వు. ప్లగ్గు పీకి తీగ మంచిగ సుట్టి పక్కన పెట్టింది మా అమ్మ.

అప్పుడే షేరాటోల నుంచి సారు దిగిండు. గొడుగు, సంచి, చేతిల నిమ్మకాయ. ఆయన గూడ మిషన్‌కు నిమ్మకాయ తెచ్చిండు. మా అమ్మ ఎదురువోయి, "మీ దానికి గూడ జేసిన సారు. మస్తు కష్టవడుతున్నది పాపం, ఒక్క దినమన్న పండుకోనియ్యున్రి" అన్నది.

సారు బల్ల కిందికి సూసిండు. చేసిన బిల్డంత పోయింది, దీపావళి దగ్గరికొచ్చింది. ఈ బిల్డ్ అయినంక ట్యాబ్‌కు ఎక్కియ్యాలె, ఎక్కకపోతే మల్ల చెయ్యాలె. ఇవన్ని ఆయన మొఖంల ఒకదాని ఎన్క ఒకటి పోయినయ్. నేను మా అమ్మను ఏమన్న అందామని నోరు తెరిచిన. సారు చెయ్యి ఎత్తి నన్ను ఆపిండు. చెప్పులు ఇడిచి కుర్చిల కూసున్నడు.

"బొట్టు మంచిగ గుండ్రంగ వచ్చిందమ్మా. మా బడి పిల్లలకు కంపాస్ ఇచ్చిన గిట్ల రాదు" అన్నడు.

మా అమ్మ సంబరపడి పులిహోర పెట్టింది. ఆయన తింటుంటే నేను ఆమెను లోపటికి తీస్కపోయి సంగతి జెప్పిన. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. బైటికి వచ్చి, "ఆమె మాటలా ఆ డబ్బల ఉడుకుతున్నయి? నాకు తెల్వదు సారు. ఇప్పుడే పెడ్త" అని తీగ అందుకున్నది.

"వద్దమ్మా" అన్నడు సారు. "పెట్టిన బొట్టు ఆరనియ్యి. రేపు పండుగ గానియ్యి. నేను గూడ బడిల గంట కొట్టినంక సున్నంముక్క పట్టుకోలేదు ఎన్నడు. ఎల్లుండి షురూ జేద్దాం."

ఆటో కాడిదాక నేను ఎంబడి పోయిన. ఆయనే అన్నడు.

"రికార్డు గానియి ఇంక చాన ఉన్నయ్ బిడ్డా. మొన్న ఒకటి యాదికొచ్చింది, పెండ్లైన కొత్తల అన్నది. నేను చెప్తే సిగ్గుపడి తల అడ్డంగ ఊపింది. అది గూడ ఎక్కియ్యాలె. ఆమె మాట ఆగిపోతే, నేను ఇంట్ల గోడలకు లెక్కలు చెప్పుకోవాలె."

గొడుగు సంకల వెట్టుకొని ఆటో ఎక్కిండు. వాన అప్పుడు గూడ లేదు.

పండుగ అయినంక బిల్డ్ మల్ల మొదటికెల్లి పెట్టినం. మా అమ్మ వచ్చి క్యాబినెట్ పక్కన పీట ఏసుకొని కూసున్నది. చిక్కుడుకాయలు ముంగట పోసుకొని ఒలుసుకుంట, స్విచ్చుల బోర్డు దిక్కు ఎవలు చెయ్యి సాపిన "ఏయ్" అనేది. నా ఫోన్ ఛార్జింగ్ సుతం పెట్టనియ్యలే. సారు, మా అమ్మ, ఆ మిషన్, ముగ్గురు నన్ను నా దుకాణంల పనోన్ని చేసి పెట్టిన్రు.

ఒక మధ్యాన్నం తెర మీద పచ్చ అక్షరాలు వచ్చినయ్. సారు వాటిని పైకి చదివిండు, క్లాసుకు చదివినట్టే. నాకు తెలుగుల చెప్పలే. అవసరం వడలే. ట్యాబ్‌కు తీగ పెట్టి సిస్టం ఎక్కించినం. తెర నల్లగై అట్లనే ఉన్నది, చానసేపు ఉన్నది. మా అమ్మ చిక్కుడుకాయ సగం ఒలిసి ఆపింది. తర్వాత తెరకు ఎలుగు వచ్చింది.

ఆటోల పోయేటప్పుడు సారు ట్యాబ్‌ను కడుపుకు ఆనించుకొని కూసున్నడు. ఇంటికి పోయి అమ్మ ఒళ్లె మెత్త మీద పెట్టిండు. ఆమె నల్లటి అంచు తడుముకున్నది, మణికట్టు ఆనిచ్చింది, గడి వెతికింది.

"ఎక్కడ తిరుగుతున్నవ్ ఇంతసేపు? ఇల్లు యాదికున్నదా?"

సారు "నాచారంలనే ఉన్న" అన్నడు. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. ఆ రుమాలుకు మిషన్ దుమ్మంత ఉన్నది, అద్దాలు ఇంకింత మసకైనయ్. అయిన అట్లనే పెట్టుకున్నడు.

దీపావళి పోయింది. యాప్ నడిచింది. నేను ఆ క్యాబినెట్ విప్పి మెమరీ తీసుకుందామనుకుంటే సారు ఒప్పుకోలే. "ఇంటాయనను తయారుగనే ఉండనియ్యి" అన్నడు. పని అయిపోయిన గూడ అప్పుడప్పుడు వచ్చి కుర్చిల కూసొని, గిరాకీలను "సైలెన్స్" అని పోయేది.

ఎండకాలం ఒకనాడు పొద్దుగాల చాయ్ పెడుతుండంగ వంటింట్ల కూలవడ్డడు. అమ్మ కుర్చిలకెల్లి లేవలేని మనిషి. ట్యాబ్ సప్పుడు నిండుగ పెంచి, "జల్ది రాండ్రి" అనే గడి ఒత్తుకుంట కూసున్నదట. గల్లిల అందరికి సారు గొంతే వినవడ్డది. సారు పిలుస్తున్నడు, అమ్మకు ఏమో అయిందని ఉరికొచ్చిన్రట. వచ్చి సూస్తే సారు కింద, పిలుపు కుర్చిల నుంచి. అప్పటికే అంత అయిపోయింది.

ఈ సంగతి నాకు ఎవలు చెప్పిన సగంల ఆపేస్తరు. నేను గూడ గింతే రాస్త.

కర్మలు అయినంక సారు చెల్లెలు ఫోన్ జేసింది. వదినె కాడ ఉంటున్నది ఇప్పుడు ఆమెనే. "బాబూ, నాకు ఆ గొంతు వింటె పాణం పోతున్నది. వంటింట్ల ఉంటె అన్న పిలిచినట్టయితది. సుట్టాలు వచ్చి కూసోలేక లేచిపోతున్నరు. ఆడగొంతు ఏదన్న పెట్టు" అన్నది. నాకు అది న్యాయమే అనిపించింది. నా పెండ్లాన్ని కూసోబెట్టి గడులకు సరిపోయే మాటలన్ని చెప్పించిన. తిట్లు చెప్పేకాడ నా దిక్కు సూసి చెప్పింది, మస్తు సహజంగ వచ్చినయ్.

అవి పట్టుకొని రామంతాపూర్ పోయిన. అమ్మ అదే కుర్చిల. ఎదురుంగ గోడకు సారు ఫోటో, దండ. నేను గడప లోపల కాలు పెట్టంగనె ట్యాబ్ మాట్లాడింది.

"రా, కూసో. తిన్నవా?"

నా కండ్లు వాటంతటవే ఫోటో మీదికి పోయినయ్. తిన్న సారు అన్నట్టు తల ఊపిన. పీట మీద కూసొని, దండ దిక్కే సూసుకుంట మొదలువెట్టిన. "ఏం లేదమ్మా, అందరు పరేశాన్ అవుతున్నరు గదా, అందుకని మా ఇంటామె గొంతు తెచ్చిన. తిట్టుడుల ఆమెకు మంచి అనుభవమున్నది, రోజు నా మీదనే సాధన. మీరు ఊ అంటే ఒక్క నిమిషంల ఎక్కిస్త. ఆ పాత గొంతు తీసి దాచిపెడ్త, ఏడికి పోదు..." ఇట్ల ఏదో వాగుతనే ఉన్న. నవ్వించాలని నా ఆరాటం.

అమ్మ నవ్వలే. మణికట్టు అంచు మీద ఆనిచ్చి తెరను పక్కకు జరిపింది, ఇంకోసారి జరిపింది. చివరి తెర మీద ఒక గడి ఉన్నది, బొమ్మ లేనిది. ఎవలి కోసం ఎప్పుడు చేసుకున్నరో ఇద్దరు, నేను ఎన్నడు సూడలే, వినలే. వేలు దాని మీద పెట్టి ఒత్తింది. సారు గొంతు, క్లాసుల చెప్పినంత నిమ్మలంగ వచ్చింది.

"మాట్లాడేది నేను. ఆయన దిక్కెందుకు సూస్తవ్? నా దిక్కు సూడు."